పసుపు నీళ్లు పడ్డ వీడియో గేమ్

గేమ్ డబ్బా చచ్చిపోలే, తెరొక్కటే పోయిందని నిన్న బాపుకు గట్టిగనే చెప్పిన, అన్నా. కరీంనగర్ బస్టాండు కాడ నువ్వు పెట్టిన వీడియో గేమ్ దుకాణం తీసేసి ఎస్టీడీ బూత్ పెడ్తడట.

"మీ అన్న పోయి ఏడాదాయె. పదోది దాటనోనివి, నువ్వు బాగుచేస్తవా? రేపు పాతసామానోడు బండి తెస్తడు."

"వెలిగితే?"

"వెలిగితే నువ్వే నడుపుకో, అడ్డం రాను."

పొద్దుగాల్నే డబ్బా వెనక తలుపు ఇప్పిన. రూపాయి బిళ్ల ఏస్తే పాట వస్తున్నది, అంటే బోర్డు మంచిగున్నది. ఫ్యూజు మంచిగున్నది. తెర గొట్టం, అదే పిక్చర్ ట్యూబు, వెనకనే ఎర్ర వెలుగు లేదు. కరెంటు తీసేసిన. నువ్వు నేర్పినట్టే షాకు గుండెకు పోకుండ ఒక చెయ్యి జేబుల పెట్టుకొని, తెరల మిగిలిన కరెంటును వైరుతోని దించి, గొట్టం సాకెట్ పీకిన. పిన్నులకు చిలుము, చుట్టూ పసుపు మరకలు.

అవ్వ పనే. నువ్వు పోయినప్పటి నుంచి దిష్టి పోవాలని ప్రతి శుక్రవారం డబ్బా మీద పసుపు నీళ్లు చల్లుతది. వెనక జాలిలకెల్లి లోపలికి కారినయి.

అవ్వ చాయ్ తెచ్చింది. "ఏమైందిరా దానికి?"

"ఎలుక కొరికిందే."

"జర నీళ్లు చల్లుదునా?"

"అవ్వా, నీకు దండం పెడ్త, ఇప్పుడొద్దు!"

గరుకు కాయితంతోని పిన్నులు రుద్ది మళ్ల బిగించిన. గొట్టంల ఎర్రగ వెలుగొచ్చింది, జరసేపటికి బొమ్మ గూడ వచ్చింది, అన్నా!

చల్లొద్దని అవ్వకు చెప్పను. జాలి మీద రేకు వంచి కొడ్త, చల్లుకోనీ. బయట బాపు పిలుస్తుండు, బండి వచ్చినట్టుంది. ఉత్త బండినే వాపస్ తోలియ్యాలె. పోతున్న.