మామగారి డాబా మీద పొగ మీటరు

మామయ్యగారికి నమస్కారాలు.

మా ఆఫీసు నుంచి ఒక పెట్టె పంపిస్తున్నాను. అది పొగ మీటరు. మీ డాబా మీద పెట్టించండి. కోతలయ్యాక పొలాల్లో గడ్డి తగలబెడితే గాలిలో ఎంత విషం కలుస్తోందో, కంటికి ఆనని మసి దగ్గర్నుంచి ఊపిరాడనివ్వని వాయువుల దాకా, అదే రాసుకుని మా ఆఫీసుకి పంపుతుంది. లెక్కలు దండిగా వస్తే, గడ్డి కోసి కట్టలు కట్టే యంత్రం వచ్చే ఏడు మీ ఊరికే ఇప్పిస్తానని మా పెద్దసారు మాటిచ్చారు. ఇక పొగే ఉండదు. మీ అమ్మాయి పాఠాలు చెప్పే బడికి సెలవులిచ్చేది సరిగ్గా కోతల రోజుల్లోనే. ఆ ఉబ్బసంతో పుట్టింటికి ఎలా పంపను? మీరేమీ మార్చకండి. ఎవరి పద్ధతిలో వాళ్లని తగలబెట్టుకోనివ్వండి.

మీ అల్లుడు

తా.క.: మీటరు మీద బట్టలు ఆరేయొద్దని అత్తయ్యగారికి చెప్పండి.

*

అల్లుడుగారికి ఆశీస్సులు.

పెట్టె క్షేమంగా చేరింది. "ఏమీ మార్చకండి" అని మీరు మర్యాద కొద్దీ రాశారు గానీ, మాకు ఆ మాత్రం తెలియదా! ఇంటింటికీ వెళ్లి, "మా అల్లుడుగారి మీటరు పైన కూర్చుని చూస్తోంది, నా పరువు తీయకండి" అని చేతులు పట్టుకున్నాను. పొలాల్లో ఒక్కడు అగ్గిపుల్ల గీస్తే ఒట్టు. పొగ లేదని మీ మీటరే చెబితే, అమ్మాయిని పంపకుండా ఎలా ఉంటారో చూస్తాను.

మీ మామ

తా.క.: గొట్టం నోరు తెరుచుకుని ఉంది. దుమ్ము లోపలికి పోతుందని మీ అత్తగారు తడిగుడ్డ కట్టింది.

*

మామయ్యగారికి నమస్కారాలు.

ముందు ఆ గుడ్డ విప్పించండి. లెక్కలు చూసి మా పెద్దసారు, "మీటరు ఊళ్లో పెట్టావా, ఫ్రిజ్‌లో పెట్టావా?" అని అడిగారు. దయచేసి తగలబెట్టమనండి. పొగ లేకపోతే లెక్క లేదు, లెక్క లేకపోతే యంత్రం లేదు, యంత్రం లేకపోతే వచ్చే ఏడు మళ్లీ పొగే.

మీ అల్లుడు

తా.క.: పొగ ఆపడం నా ఉద్యోగం. పొగ పెట్టమని ఆఫీసు కాగితం మీద రాశానని తెలిస్తే అది కాస్తా ఊడుతుంది. చదివి చించేయండి.

*

అల్లుడుగారికి ఆశీస్సులు.

గుడ్డ విప్పేశాం. మీ ఉత్తరం అందరి ముందూ చదివించాను. "ఇది పరీక్షే. తగలబెట్టగానే ఫోటో తీసి నోటీసిస్తారు" అని ఊరి పెద్ద తేల్చేశాడు. అయినా, అల్లుడికి పొగబెట్టిన మామననిపించుకోలేను. గడ్డి పశువులవాళ్లు తోలుకుపోయారు. మిగిలిన మొదళ్లు నేనూ మీ అత్తగారూ కొడవళ్లతో కోస్తున్నాం. నడుములు విరుగుతున్నాయి, అబద్ధమెందుకు. కానీ ఈ ఇంట్లో అమ్మాయి గొంతు వినాలని ఎంతగా ఉందో మీకెలా చెప్పను.

మీ మామ

తా.క.: చించేయమన్న ముక్క చివర్న రాస్తే ఎలాగండీ? అప్పటికే అందరూ వినేశారు.

*

మామయ్యగారికి,

మీరే గెలిచారు. మీ ఊరి గాలి మా ఆఫీసు తోటలో గాలి కంటే బాగుంది. నా వెనకాల నిలబడి లెక్కలు చదివిన మీ అమ్మాయి మారుమాట లేకుండా బట్టలు సర్దేసింది. రేపటి బస్సుకి ఎక్కిస్తున్నాను. కానీ పెద్దసారు, "పొగలేని ఊరికి యంత్రమెందుకయ్యా?" అని ఫైలు మూసేశారు. వచ్చే ఏడు మీ నడుముల గతేమిటో ఆలోచించండి.

మీ అల్లుడు

తా.క.: పీల్చే మందు సంచి పై అరలో ఉంది. అడిగితే మర్చిపోయానంటుంది, నమ్మకండి.

*

అల్లుడుగారికి మనసారా ఆశీస్సులు.

అమ్మాయి వచ్చింది. మందు సంచిలోనే ఉంది, తీయాల్సిన పని పడలేదు. పొద్దున డాబా మీద అది పడీపడీ నవ్వుతుంటే మీ అత్తగారు కింద కూర్చుని ఏడ్చింది. నేనూ ఏడ్చాను.

యంత్రం గురించి దిగులు పడకండి. మీటరుని ఏటి అవతలి ఊరికి బండి మీద చేరవేయించాను. గాలి అటు నుంచి ఇటు రాదు. ఆ ఊళ్లో ఎవరికీ మీ ఆఫీసులో అల్లుడు లేడు కాబట్టి, నిశ్చింతగా తగలబెట్టుకుంటారు. మీకు లెక్కలు దండిగా వస్తాయి. వాళ్లకొచ్చిన యంత్రం మేమూ అడిగి తెచ్చుకుంటాం.

మీ మామ

తా.క.: ఉత్తరం అంటించబోతుంటే ఆ ఊరి పెద్ద వచ్చాడు. మీటరెవరిదో ఎలాగో తెలిసిపోయిందట. వాళ్లమ్మాయికి సంబంధాలు చూస్తున్నాడు. మీ ఆఫీసులో పెళ్లికాని కుర్రాళ్లెవరైనా ఉన్నారా అని అడిగాడు. మీ జవాబు వచ్చేదాకా పొలాల్లో ఎవర్నీ అగ్గిపుల్ల గీయనివ్వడట.