తలుపు లాగి చూసే పాట

కొత్తపేట దగ్గర, గోదావరి గట్టు

పద్మావతి గారికి, రొయ్యల చెరువుల రాఘవులు నమస్కారం చేసి, కొంచెం కోపంగానే రాసేదేమంటే,

మీరు అమలాపురంలో 'పల్లాలమ్మ పదాలు' అనే పుస్తకం మళ్ళీ అచ్చువేశారు. నూట ముప్పయ్యేళ్ళ కిందటి కవయిత్రి అని అట్ట మీద రాశారు. కుర్చీలిచ్చేనని మా లైబ్రరీ వాళ్ళు నాకు సన్మానం చేసి, శాలువాతో పాటు ఆ పుస్తకం చేతిలో పెట్టేరు. ఇంటికొచ్చి తెరిస్తే 'మా ఇంటాయన' అని ఒక పదం కనపడింది.

గొళ్ళెమేసిన తలుపు గుంజి చూచేనమ్మ
కూర రుచి చూడడూ కుండ చూచేనమ్మ
ఎంగిలాకులు చూసి ఎవరొచ్చిరంటాడు
ఎదటి గోడను కూడ అడిగి చూచేనమ్మ

అమ్మా! ఇవి మా ఆవిడ భవానీదేవి మాటలు. పడుకోబోయే ముందు నేను తలుపు లాగి చూసినప్పుడల్లా వంటింట్లోంచి ఆవిడ తీసే కూనిరాగం సరిగ్గా ఇదే. మా ఇంట్లో మాట మీ పుస్తకంలోకి ఎలా వచ్చింది? ఎవరు చేరవేశారు?

ఇట్లు,
కొప్పాడి రాఘవులు

తా.క. జవాబు ఇంటికి రాయకండి, ఆవిడ చదువుతుంది. మేత కొట్టు బాబ్జీ పేరున రాయండి. ఫోన్ అసలే వద్దు. అది మన మాటలు వింటుందని మా అబ్బాయి చెప్పేడు.

* * *

అమలాపురం

రాఘవులు గారికి, బాబ్జీ గారి ద్వారా నమస్కారాలు.

పల్లాలమ్మ గారు మీ తాతగారు పుట్టకముందే కాలం చేసి ఉంటారండి. ఆవిడ పోయాక తమ్ముడు ఆ పదాలు అచ్చువేయించారు. ఆ పాత ప్రతిని అక్షరం మార్చకుండా మేం మళ్ళీ వేశాం, అంతే. మీ ఇంటి మాటలు మాకెలా తెలుస్తాయి? తలుపు లాగి చూసే భర్తలు ఆ రోజుల్లోనూ ఉండి ఉంటారు.

వచ్చే నెల కొత్తపేటలో పుస్తకం మీద సభ పెడుతున్నాం. కాలేజీ అమ్మాయిలు ఈ పదమే పాడతారు. కుటుంబంతో తప్పక రండి.

భవదీయురాలు,
పద్మావతి

తా.క. ఎదటి గోడను కూడా నిజంగానే అడుగుతారా అండీ?

* * *

కొత్తపేట దగ్గర

పద్మావతి గారికి, రాఘవులు మళ్ళీ రాసేది.

మీ తాజా కలం చూశాక నా అనుమానం గట్టిపడింది. నేను గోడనడిగింది ఒకేసారి, అదీ బల్లి ఎటు పోయిందని. ఆ సంగతి మీకెవరు చెప్పేరు?

నేనూ విచారణ చేసేను. భవానీ ప్రతి శుక్రవారం జాకెట్లు కుట్టించుకోడానికి అమలాపురం వస్తుంది. ఆ టైలరు కొట్టు మీ ఆఫీసు వీధిలోనే ఉంది. ఒక్క మనిషికి అన్ని జాకెట్లెందుకండీ? 'ఈ పాట నీకెక్కడిది?' అని నిలదీసేను. 'అత్తయ్యగారు నేర్పేరండి' అంది. మా అమ్మ పోయి పదేళ్ళయింది. సాక్షిని భలే ఎంచుకుంది.

అసలు ప్రమాదం ఇంకోటుంది. కువైట్ నుంచి సెలవుకొచ్చిన మా అబ్బాయి సురేష్‌కి మండపేట సంబంధం కుదిరేలా ఉంది. పిల్ల పేరు అమ్ములు. ఆ పిల్లా, వాళ్ళమ్మా మీ సభకి వస్తున్నారట. పిలిచింది కూడా మా ఆవిడే! ఆ పాట విన్నాక ఇలాంటి మావగారున్న ఇంటికి ఎవరైనా పిల్లనిస్తారా? దయచేసి ఆ పేజీ చింపించండి. పాట ఆపించండి.

ఇట్లు,
రాఘవులు

తా.క. ఈ కవరు విప్పి మళ్ళీ అంటించినట్టుంటే చెప్పండి. బాబ్జీ మీద కూడా నమ్మకం పోయింది.

* * *

అమలాపురం

రాఘవులు గారికి నమస్కారాలు.

పేజీ చింపడానికి నాకు చెయ్యి రాదండి. ఆవిడ పాడినవాటిలో మనకి మిగిలినవే కొన్ని.

నిజానికి మీ మొదటి ఉత్తరం కింద సంతకం చూసినప్పటి నుంచి నాకూ ఒక అనుమానం ఉంది. పల్లాలమ్మ గారిని ఇచ్చింది మీ ఊరేనని, భర్త పడవల వ్యాపారి కొప్పాడి సత్తెన్న అని ఆవిడ తమ్ముడు ముందుమాటలో రాశారు. ఆయన మీకేమవుతారు?

భవదీయురాలు,
పద్మావతి

తా.క. కవరు ఎవరూ విప్పలేదు. జాకెట్ల సంగతి నాకు తెలియదు.

* * *

కొత్తపేట దగ్గర

పద్మావతమ్మ గారికి, రాఘవులు కోపం లేకుండా రాసేది.

సత్తెన్న మా తాతకి తాతండి. ఆయ్. అంటే మీ కవయిత్రి మా తాతకి నాయనమ్మ. మా ఇంట్లో మగాళ్ళెవరూ ఆవిడ పేరైనా చెప్పలేదు. మీ ఉత్తరం మేత బస్తా మీద కూచుని రెండుసార్లు చదివేను.

అయినా బుద్ధి మారలేదు. పాట మొదలవగానే కరెంటు తీసేద్దామని, ఆ రోజు హాల్లో మెయిన్ స్విచ్ పక్కనే నిలబడ్డాను. మీ అమ్మాయిలు ఎత్తుకున్నారో లేదో, వెనక వరసలోంచి మా భవానీ అందుకుంది. ఆలమూరు నుంచొచ్చిన మా తమ్ముడి భార్య అందుకుంది. మా ముసలి పిన్ని అప్పాయమ్మ కర్ర పట్టుకు లేచి, పుస్తకం చూడకుండా చివరిదాకా పాడింది. కొప్పాడి వారి కోడళ్ళందరికీ ఆ పాట వచ్చండి! అత్తలు నేర్పేరు. ఆ అత్తలకి వాళ్ళ అత్తలు. మా అమ్మ రుబ్బురోలు దగ్గర పాడుతుంటే దేవుడి పాట అనుకున్నాను. ఒక్కనాడూ మాటలు వినలేదు. స్విచ్ ముట్టుకోకుండానే చెయ్యి వెనక్కి తీసేసుకున్నాను.

సభ అయ్యాక అమ్ములు తిన్నగా నా దగ్గరకొచ్చింది. 'మావయ్యగారూ, ఈ గుణం మీ అబ్బాయిక్కూడా ఉందాండి?' అని అడిగింది. వాళ్ళమ్మ చూస్తోంది. భవానీ చూస్తోంది. 'ఉందమ్మా' అన్నాను. సత్తెన్న నాటి నుంచి మా ఇంట్లో మగాడు ఒప్పుకోవడం అదే మొదలై ఉంటుంది. 'నిజం చెప్పేరు, చాలండి' అని నవ్వేసింది.

పెళ్ళయింది. సురేష్ తిరిగి కువైట్ వెళ్ళేడు. వెళ్తూ వెళ్తూ పెరట్లో కెమెరా పెట్టించేడు. నిన్న అత్తాకోడళ్ళు వంటింట్లో పాడుకుంటుంటే, గుమ్మంలో నిలబడి ఈసారి మాటలు విన్నాను. ఇది మీ పుస్తకంలో లేదు.

పెరటి గోడకు కన్ను పెట్టి పోయేనమ్మ
ఎండు వడియాలనూ ఎంచి చూచేనమ్మ
కాకి వాలిందంటె కంగారు పడతాడు
కువైట్లో కూర్చుండి హుష్షు హుష్షనెనమ్మ

ఇట్లు,
పల్లాలమ్మ గారి మనవడి మనవడు,
కొప్పాడి రాఘవులు

తా.క. ఈ చరణం అమ్ములుది. భవానీ దగ్గర ఇంకా చాలా ఉన్నాయట, అన్నీ నా మీదే. వేసేయండి. కాకపోతే ఈసారి వాళ్ళు బతికుండగానే, వాళ్ళ పేర్లతోనే వేయండి.