కొత్త స్పీకర్ల మోత

1985, గురువారం రాత్రి

లారీలో పాటలు పెట్టించే పని ఇవాళ పూర్తయింది. మద్దిలపాలెం షాపులో అన్నిటికన్నా పెద్ద స్పీకర్లే కావాలని పట్టుబట్టి కొన్నాను. నా లారీకి క్లీనరుగా తిరిగే బావే, సీటు వెనక రెండు బాక్సులూ బిగించి, బ్యాటరీ నుంచి ఆంప్లిఫయర్‌కి వైరు లాగాడు. ముందు దేవుడి పాటే పెట్టాం. నాకు మాత్రం ఎక్కడో పక్కవీధిలో పాడుతున్నట్టుంది.

ఒక స్పీకరుకి వైర్లు తిరగేసి కలిపితే మోత చచ్చిపోతుంది. అదే అయ్యుంటుందని బావ మీద కేకలేసి మళ్లీ విప్పించాను. మార్చి కలిపినా అంతే.

“ఇంకా పెంచు,” అన్నాను.

బావ నా మొహం వంక అదోలా చూసి, చెవి దగ్గరికొచ్చి అరిచాడు. “ఏటి పెంచేది బావా? ఫుల్లు పెట్టేసినాను. రోడ్డవతలోళ్లు తిడతన్నారు!”

బాక్సు మీద అరచెయ్యి ఆనించాను. దడదడమని అదురుతోంది. వైర్లలో ఏ తప్పూ లేదు. ఇన్నేళ్లూ ఇంజను పక్కన కూర్చున్న చెవులివి. ఏ డాక్టరు మాత్రం ఏం చేస్తాడు?

రేపు పోర్టులో లోడుకి లారీ వెనక్కి పెట్టాలి. ఎప్పట్లాగే వెనకాల నిలబడి “రా, రా, ఆపు” అని అరిచేది బావే. “రా” అన్నది వినపడకపోయినా ఫరవాలేదు...