చెట్టు మీంచి కనిపించిన బడి

అమలాపురం,
ఆగస్టు 9.

సముద్రం దాటి సలాలాలో ఉన్న మా నాన్న త్రిమూర్తులుకి, నీ కూతురు సాయిదుర్గ నమస్కారాలు. బడిలో నేర్పినట్టు "పూజ్యులైన" అని మొదలుపెడితే ఎవరికో వచ్చిన ఉత్తరం అనుకుంటావని ఇలా రాస్తున్నాను.

ఇప్పుడే ఎందుకు రాయాల్సి వచ్చిందో ముందే చెప్పేస్తాను. అక్కడి కొబ్బరితోటలో ఇంకో రెండేళ్ళు ఉండటానికి ఈ నెలాఖరున సంతకం పెడతానన్నావు. ఆ లోపు నిన్ను ఒక సంగతి అడగాలి. ఫోన్‌లో అడిగితే "అమ్మలూ, అన్నం తిన్నావా?" అని నవ్వేస్తావు, మాట అక్కడితో పోతుంది. కాట్రేనికోన రాజ్‌కుమార్ సోమవారం అక్కడికి బయల్దేరుతున్నాడు. ఈ ఉత్తరమూ, అమ్మ పెట్టిన మాగాయ సీసా అతని చేతికే ఇస్తున్నాను.

ఇక్కడ మేమిద్దరం బాగానే ఉన్నాం. అమ్మ మోకాలి నొప్పి తగ్గింది, మళ్ళీ కొబ్బరిపీచు మిల్లుకి వెళ్తోంది. మానెయ్యమంటే "ఇంట్లో కూకుని నీ మొహం చూత్తా ఉండనా?" అంటోంది. వానలు బాగా పడుతున్నాయి, కాలవ గట్టు దాకా వచ్చింది.

భాస్కరరావు గారూ, నమస్కారమండి. ఒకే గదిలో ఉంటున్న పాపానికి మా నాన్న ఉత్తరాలన్నీ మీరే చదివి, ఆయన చెప్పింది మీరే రాసి పంపుతున్నారు. ఇది కొంచెం పొడుగు ఉత్తరం, టీ తాగి మొదలుపెట్టండి. మధ్యలో ఆయన "ఇంక చాల్లెండి, రేపు చదువుదాం" అంటే మాత్రం ఆపకండి.

నాన్నా, ఆ కళ్ళకు కట్టుకునే పెట్టెతో కళ్ళు పోతాయేమోనని అడిగావు. పోవు. కాసేపు పెట్టుకుని తీసేస్తాను, తర్వాత కిటికీలోంచి దూరంగా చూస్తాను. అసలు అందులో నీ పనేంటి అని కూడా అడిగావు. ఆ హెడ్‌సెట్‌లో కూడా మన ఫోన్లో ఉన్నట్టే బ్రౌజర్ ఉంటుంది. అందులో లింకు నొక్కగానే, వేరే ఏ యాప్ ఎక్కించుకోకుండానే, ఒక చోటు మన చుట్టూ వచ్చేస్తుంది. తల ఎటు తిప్పితే అటు కనిపించాలి. మనం తల తిప్పాక బొమ్మ రవ్వంత ఆలస్యంగా తిరిగిందంటే కడుపులో తిప్పుతుంది. అలా తిప్పకుండా ప్రోగ్రాం రాయడమే నా పని. జూన్ నుంచి ఉద్యోగం పర్మనెంట్ చేశారు. నా జీతంతో ఇల్లు గడుస్తుంది నాన్నా, ఇది గొప్పకి చెప్పడం లేదు.

ఇప్పుడు చేస్తున్నది కొబ్బరినూనె అమ్మేవాళ్ళ వెబ్‌సైటు కోసం. కొనేవాళ్ళు ఎక్కడున్నా మన కొబ్బరిచెట్టు తల మీద నిలబడి చుట్టూ చూసినట్టు ఉండాలట. డ్రోన్‌కి కెమెరా కట్టి ఫోటోలు తీయించారు. ఏ తోటో తెలుసా? అంబాజీపేట దగ్గర కృష్ణమూర్తి గారి తోట. నువ్వు పదిహేనేళ్ళు కాయ దింపిన తోట.

నాకు గుర్తున్న సాయంత్రాలన్నీ ఒకేలా ఉంటాయి. నువ్వు కాలవలో స్నానం చేసి, తడి తువ్వాలు భుజాన వేసుకుని అరుగు మీద కూర్చునేవాడివి. నీ దగ్గర కొబ్బరిపట్ట వాసన వచ్చేది. నేను పుస్తకాల సంచీ పక్కన పడేసి అడిగేదాన్ని, "నాన్నా, ఇవాళ చెట్టు మీంచి ఏం కనపడింది?" అని.

"ఇయ్యాలా? గోదారి మీద తెల్ల తెరచాప పడవొకటి ఎల్తా కనపడిందమ్మా."

"ఇంకా?"

"మీ బడి కనపడింది. ప్రార్థనలో నువ్వు మూడో లైనులో ఉన్నావు. జడ రిబ్బనొకటి ఊడిపోయింది, చూసుకోలేదా?"

తడుముకుంటే నిజంగానే ఊడి ఉండేది! సాయంత్రానికి అది రోజూ ఊడేదని, నువ్వు దాన్ని ఎదురుగా చూసే చెప్పేవాడివని నాకేం తెలుసు? పక్కింటి గంగాభవాని బడి ఎగ్గొట్టి రేగుపళ్ళకి పోదాం రమ్మంటే, "మా నాన్న పైనుంచి చూత్తన్నాడే" అని నేను కదిలేదాన్ని కాదు. మన ఇంట్లో నాకు ముందు బడి గడప తొక్కినవాళ్ళు లేరు. అయినా అన్ని క్లాసులూ ఎలా దాటావని ఎవరైనా అడిగితే నాకు ఆ చెట్టే గుర్తొస్తుంది.

పోయిన వారం ఫోటోలు వచ్చాయి. వాటిని ప్రోగ్రాంలో పెట్టి, చూపు సరిగ్గా చెట్టు తల ఎత్తుకి తెచ్చి, హెడ్‌సెట్ పెట్టుకున్నాను. ముందు కిందికి చూశాను. గబుక్కున పక్కనున్న కుర్చీ పట్టుకున్నాను.

మా ఆఫీసులో పక్క సీటు తేజ గారు నవ్వారు. "ఏంటండీ సాయిదుర్గ గారూ, చెట్లెక్కేవాళ్ళ అమ్మాయినన్నారు? ఆఫీసు గచ్చు మీదే ఉన్నారండీ బాబూ!"

తర్వాత బడి ఉన్న వైపు తిరిగాను. బడి లేదు. కొబ్బరి తలలు, వాటి వెనక మళ్ళీ కొబ్బరి తలలు, ఆ పైన ఆకాశం. ఫోటో దిక్కు తప్పుగా పెట్టానేమోనని తిప్పి చూశాను. ఎత్తు తప్పేమోనని కొంచెం పెంచాను. మధ్యాహ్నమంతా నా ప్రోగ్రాంలో తప్పు వెతుక్కుంటూ కూర్చున్నాను నాన్నా, నీ మాటలో ఉంటుందని తోచలేదు. బడీ లేదు, గోదారీ లేదు. ఆ చెట్టు మీంచి ఇంకో చెట్టే కనిపిస్తుంది.

శనివారం హెడ్‌సెట్ ఇంటికి తెచ్చి అమ్మకి చెప్పాను. పడీపడీ నవ్వింది. "ఓసి పిచ్చిదానా! చెట్టెక్కినోడు కత్తి చూసుకుంటాడా, దిక్కులు చూసుకుంటాడా? ఇన్నేళ్ళూ నమ్మేవటే?"

నవ్వుతూనే తనూ పెట్టుకుంది. కాయ రాలుతుందేమోనని నెత్తి మీద చెయ్యి అడ్డం పెట్టుకుంది. "కిందికి చూడమ్మా" అన్నాను. చూసింది. అలాగే చాప మీద కూలబడిపోయింది. నువ్వు ఎక్కుతుండగా అమ్మ ఎప్పుడూ తోటకి రాలేదట కదా, చూడలేనని.

హెడ్‌సెట్ తీసేసి, లేచి వెళ్ళి ఫోన్ తెచ్చింది. మొన్న నువ్వు పంపించిన, మీ గదిలో అందరూ కూర్చుని భోంచేస్తున్న ఫోటో తెరిచింది. అందులో నువ్వు చొక్కా లేకుండా ఉన్నావు. దాన్ని పెద్దది చేసి నాకు చూపించింది.

"నీడన కూకుని కాయలు లెక్కెట్టే మనిషికి, గుండెల మీద మాను గీరుకుపోయిన ఈ కొత్త మచ్చలేంటే?"

నాన్నా, ఈ మాట రాయడానికే ఇంత దూరం వచ్చాను. ఎక్కడం మానేశానని, నన్ను సూపర్‌వైజర్‌ని చేసేరని, కింద కుర్చీ వేసేరని పోయిన ఏడాది నుంచి ప్రతి ఉత్తరంలోనూ రాయిస్తున్నావు. నేను నమ్మడం లేదు. కూతురు తండ్రికి రాయకూడని మాటని తెలుసు, అయినా నమ్మడం లేదు. నీకు యాభై రెండేళ్ళు. ఇప్పుడు అక్కడ రోజంతా తుంపర పడుతుందని, మన ఊరిలాగే పచ్చగా ఉందని నువ్వే రాయించావు. తుంపర పడితే మాను ఎలా జారుతుందో నాకు నువ్వే చెప్పావు.

చిన్నప్పటి మాటలకి నాకు కోపం లేదు. పని అయ్యాక ప్రోగ్రాంలో నాకోసం వేరే తోట ఒకటి చేసుకున్నాను. అందులో పడవ ఉంది, బడి ఉంది, మూడో లైనులో రిబ్బన్ ఊడిన పిల్ల ఉంది. లింకు భాస్కరరావు గారికి పంపుతాను. ఫోన్ చేత్తో పట్టుకుని చుట్టూ తిరిగితే కనిపిస్తుంది. ఆ అబద్ధాలతో నేను చదువుకున్నాను. ఈ కుర్చీ అబద్ధం మాత్రం నాకు వద్దు.

భాస్కరరావు గారూ, మిమ్మల్ని తప్పుపట్టడం లేదండి. ఆయన చెప్పిందే మీరు రాస్తారు. ఈసారి మాత్రం రాయకండి. కలం ఆయన చేతికివ్వండి.

నాన్నా, నేను ఒకటో తరగతిలో టీచరాట ఆడుతూ నా పలక మీద నీకు అక్షరాలు దిద్దించాను, గుర్తుందా? ఏనుగు రాయమంటే "మనకి ఏనుగు లేదు కదమ్మా, ఎందుకు రాయడం?" అన్నావు. ఆవు రాశావు, బావి రాశావు. నోటితో గోదారంతా పడవలు నడిపించేవాడివి, పలక మీద మాత్రం లేనిది ఒక్కటీ రాయలేదు. అందుకే నీ చేతిరాత అడుగుతున్నాను. ఒక్క మాట చాలు. "ఎక్కడం లేదు" అని నీ చేత్తో రాస్తే నమ్ముతాను, రెండేళ్ళూ నోరెత్తను. "ఎక్కుతున్నాను" అని రాస్తే సంతకం పెట్టకు, వచ్చెయ్. ఏడవను, అమ్మని ఏడవనివ్వను.

కాగితాన్ని ఫోటో తీసి పంపమని భాస్కరరావు గారిని అడుగు. ఆగస్టు ఇరవై ఐదో తారీకు లోపల నాకు అందాలి. వంకరగా ఉన్నా ఫరవాలేదు, నేను చదువుకోగలను.

ఇట్లు,
నీ జవాబు కోసం చూస్తున్న నీ కూతురు,
సాయిదుర్గ