గోళ్లరంగు చుక్క

బావగారికి,

ఎవరికీ దెబ్బలు తగల్లేదు, కంగారు పడకండి. నాన్నగారి పాత కారు నిన్న వంతెన మధ్యలో ఆగిపోయింది. వెనకనించి వచ్చిన లారీ గుద్దడం వెంట్రుకవాసిలో తప్పింది.

మెకానిక్ స్పార్కు ప్లగ్గులు విప్పి, "ఇవి కొత్తవి కాదమ్మా, పాతవాటికే మెరుగు పెట్టారు" అన్నాడు. మా బావగారి షాపులో సీలున్న డబ్బాలో కొన్నవని అతని మీదే విరుచుకుపడ్డాను.

అప్పుడు ఓ ప్లగ్గు మీది తెల్ల పింగాణీ అంచున ఎర్రచుక్క కనిపించింది. ఏ ప్లగ్గు ఏ సిలిండరుదో తెలియడానికి నేను గోళ్లరంగుతో పెట్టుకునే గుర్తది. ఇవి కొనడానికి ముందు ఒకసారి మార్చినప్పుడు, అరిగినవాటిని పారేయమని మీ చేతికే ఇచ్చాను. అవే కొత్త డబ్బాలో నాకు తిరిగొచ్చాయి.

అక్కకు ఏం చెప్పమంటారు? నిన్న వెనక సీట్లో మీ పాపను ఒళ్లో పెట్టుకుని కూర్చున్నది తనే.

మీ మరదలు