జనరేటర్ మూత

కార్నార్వన్,
జూలై 14.

చిరంజీవి ఆదర్శ్‌ను దీవించి అమ్మ రాస్తున్నది. ఇక్కడ మేమిద్దరం కులాసా. మీ నాన్న షుగరు అదుపులో ఉంది, కోపం సంగతి అడగకు. పారమట్టాలో నువ్వూ, కోడలు ప్రియా బాగున్నారని తలుస్తాను.

నీ ఉత్తరం పోస్టాఫీసు కౌంటర్లో అందింది. ఫోన్ ఉండగా ఈ ఉత్తరాలేమిటని ప్రియ నవ్వుతోందన్నావు. కారు వెనక కట్టుకుని మేం ఊళ్లు తిరుగుతున్న ఈ క్యారవాన్ అంటే ఒకే గది. గుసగుసలాడినా మీ నాన్నకు వినిపిస్తుంది. అందుకని. పియారా వాటర్స్‌లో మన ఇంటి మొక్కలకు పక్కింటి కాత్యాయని నీళ్లు పోస్తోంది. ఆవకాయ ఇంకా సగం సీసా ఉంది.

ఇక జనరేటర్. "నేను ఆయిల్ తప్పుగా పోశానా అమ్మా? నిజం చెప్పు" అని అడిగావు. జరిగింది వరసగా చెబుతాను.

మేం బయలుదేరే ముందు నువ్వు వచ్చి ఆయిల్ మార్చి, కొత్త ప్లగ్గు వేసి వెళ్లావు. మూడోరోజు కరెంటు లేని చోట ఆగి స్టార్ట్ చేస్తే, పది నిమిషాలు నడిచి, రెండుసార్లు దగ్గి ఆగిపోయింది. మీ నాన్న ట్యాంకు మూత తీసి చూశారు. పెట్రోలు నిండుగానే ఉంది. మూత పెట్టి తాడు లాగితే మళ్లీ నడిచింది, మళ్లీ ఆగింది. ఆయిల్ గీత దాకా ఉంది. నేల వాలుగా ఉందేమోనని కింద చెక్క పెట్టారు. ఎయిర్ ఫిల్టర్ కడిగారు. ప్లగ్గు విప్పి తుడిచారు. ఫ్రిజ్‌లో ఆయన ఇన్సులిన్ ఉంది కదా, సాయంత్రానికి భయపడ్డారు. ఆ భయంలోనే నీకు ఫోన్ చేసి, "ఒక్క పనైనా సరిగ్గా ఏడ్చావట్రా? నీ చేతిలో పెట్టడం నాది బుద్ధితక్కువ" అన్నారు. "ఇంక నేనేదీ ముట్టుకోను నాన్నా" అని నువ్వు పెట్టేశావు. అయిదు వారాలైంది, మీ ఇద్దరికీ మాటల్లేవు. దారిలో పెట్రోలు పోసే రోడ్‌హౌస్‌లో ఐసు కొని మందు కాపాడుకున్నాం.

పన్నెండు రోజుల క్రితం ఆయనకు నడుము పట్టేస్తే, మరోసారి నడిపి చూద్దామని ట్యాంకు మూత నేనే తీశాను. మూత తిప్పి చూస్తే లోపల గుండ్రటి పాలిథిన్ ముక్క అంటుకుని ఉంది.

అది నేను పెట్టిందే, ఆదర్శ్. బయలుదేరే రోజు నూనె కారకుండా పచ్చడి సీసాల మూతల కింద పాలిథిన్ వేసి బిగిస్తూ, అదే కత్తెరతో జనరేటర్ ట్యాంకు మూతకూ ఒక ముక్క కత్తిరించాను, పక్కనే పెట్టిన బియ్యానికి పెట్రోలు వాసన పట్టకుండా. ఆ మూతకు గాలి పోయే సన్నటి రంధ్రం ఉంటుందట. అది మూసుకుంటే పెట్రోలు కిందికి దిగదు. మూత తీసినప్పుడల్లా కాస్త గాలి వెళ్లేది, ఇంకో పది నిమిషాలు నడిచేది. మీ నాన్న ప్రతిసారీ ట్యాంకులోకే చూశారు, మూతలోకి చూడలేదు. ముప్పై ఏళ్లు స్కూల్లో గాలి పీడనం పాఠం చెప్పిన దాన్ని, నాకూ తట్టలేదు.

ముక్క తీసి పారేశాను. ఆ సాయంత్రం జనరేటర్ రెండు గంటలు నడిచింది. "చూశావా, వాడు చెడగొట్టింది నేను బాగుచేశా" అని ఆయన మురిసిపోయారు. నేను చపాతీలు ఒత్తుతూ ఊఁ అన్నాను. ఆ కోపం నా మీదికి రాకూడదనే అన్నాను. నీ మీద ఉంటే ఉండనీ అనుకున్నాను. సిగ్గుగా ఉంది.

పుట్టబోయే బిడ్డకు ఉయ్యాల బిగించడానికి కూడా మనిషిని మాట్లాడానని, నీ చేతుల మీద నీకే నమ్మకం పోయిందని రాశావు. అక్కడ ఇంక చదవలేకపోయాను. నీ చేతుల్లో ఏ తప్పూ లేదు నాయనా. ఆ మనిషిని రావద్దను.

మా ఉత్తరాలు డబ్బాలో వేసేది మీ నాన్నే. ఈ కవరు అంటించకుండా, చదివి వెయ్యండని ఆయన చేతికే ఇస్తాను. ఇది నీకు అందిందంటే ఆయన చదివారన్నమాట. ఫోన్ మోగితే ఎత్తు.

ఇట్లు,
ఆ మూత బిగించిన
మీ అమ్మ