అల్లాబక్షు నోట్లో గొట్టం

శ్రీలంక,
సోమవారం, ఉదయం పదకొండు

ముత్తుకూరులోని బడేబీ వదినెకు మరదలు ఖాసింబీ సలాములు.

క్షేమంగా దిగాం. నీకు ఫోన్లో మాట వినపడదు కాబట్టి ఎప్పటిలాగే కాగితం మీద రాసి ఫోటో తీసి పంపుతున్నాను. అక్షరాలు చిన్నవిగా ఉంటే వేళ్లతో పెద్దవి చేసుకుని చదువు.

మా అమ్మాయి సుమయ్యకు చెన్నైలో వాళ్ల టికెట్ల ఆఫీసు ఒక టూరు ఇచ్చిందనీ, దాన్ని మా ఇద్దరి పేర రాయించిందనీ చెప్పాను కదా. పెళ్లయిన ముప్పై ఏళ్లలో పనేమీ లేకుండా మేమిద్దరం కలిసి వచ్చిన ఊరు ఇదే. విమానంలో మీ తమ్ముడు మేఘాలు చూడలేదు. సీటు కుట్టును వేళ్లతో తడుముతూ కూర్చున్నాడు. "దారం నైలాను. కుట్టినోడి చెయ్యి మాత్రం మంచిది" అన్నాడు. గూడూరులో పరుపులు కుట్టే మనిషి సముద్రం దాటినా పరుపుల మనిషే.

రిసార్టులో దిగగానే చల్లటి తడిగుడ్డలిచ్చి మొహం తుడుచుకోమన్నారు. ఇద్దరి చేతికీ నంబరున్న పట్టీ కట్టారు. ఐదు రోజులూ తీయకూడదట, అది ఉంటేనే తిండి. బీపీ ఉందా, షుగరుందా, ఏ మందైనా పడదా అని అడిగి రాసుకున్నారు. జరగరానిది జరిగితే ఎవరికి కబురు చేయాలో కూడా అడిగి సంతకం పెట్టించుకున్నారు. గదిలో తెల్లటి మంచం, దాని మీద మోకాళ్లు దాటే తెల్లటి గౌన్లు రెండు. రెండు గంటలకు ఆయన్ని లోపలి గదికి తీసుకెళ్లి ఒళ్లంతా నూనె రాస్తారట.

ఆయన మంచం ఎక్కి గంట అయింది. పైకప్పు వంక చూస్తున్నాడు. పిలిస్తే పలకడం లేదు.

నీ మరదలు,
ఖాసింబీ

తా.క.: లోపల ఏం పెట్టారో చూడాలని నాలుగు వేళ్ల మేర కుట్టు విప్పాడు. అంతలో గది ఊడ్చే ఆవిడ వచ్చింది. మళ్లీ కుట్టడానికి సూది కావాలని సైగ చేస్తే గుండీలు తెచ్చి ఇస్తున్నారు.

•

సోమవారం, మధ్యాహ్నం

ఖాసింబీకి బడేబీ దువా.

నీ ఉత్తరం మూడుసార్లు చదివినా. వాడికి ఏం జబ్బు?

రిసార్టని రాస్తే నేను నమ్మాలా? నంబరు పట్టీ యాడ కడతారో, తెల్లగౌను ఎందుకు తొడుగుతారో నాకు తెలీదనుకున్నావా? జరగరానిది జరిగితే అని అడిగేది హోటల్లోనా? గూడూరు స్టేషన్ ఎదురుగా ఇడ్లీ పెట్టేవాడు ఎప్పుడన్నా నిన్ను అట్టా అడిగినాడా? పిలిస్తే పలకడం లేదంటే మత్తు ఇచ్చేసినారు. లోపలి గది అంటే ఆపరేషన్ గది. నూనె అని నీకు చెప్పినారో, నువ్వు నాకు చెప్తున్నావో.

అమ్మ పోయేటప్పటికి వాడికి తొమ్మిదేళ్లు. అప్పటి నుంచి కాల్లో ముల్లు దిగినా ముందు నా దగ్గరికే కుంటుకుంటూ వచ్చినాడు. ఇప్పుడు నాకు చెప్పకుండా దేశం దాటినాడంటే చిన్న జబ్బు అయ్యుండదు. నేను పెద్దదాన్ని, తట్టుకోలేనని దాస్తున్నారు. తట్టుకుంటా. ఉన్నది ఉన్నట్టు రాయి.

బడేబీ

తా.క.: నాలుగు వేళ్ల మేర విప్పినారని రాసినావే, అది పరుపు కుట్టేనా?

•

శ్రీలంక,
సోమవారం, నాలుగు గంటలు

వదినెకు ఖాసింబీ సలాములు.

నీ ఉత్తరం చదివి నవ్వాపుకోలేకపోయాను. ఆయన ముఖం చూశాక ఆ నవ్వు ఆగిపోయింది. కళ్లు తుడుచుకుంటున్నాడు.

"ఏందయ్యా, ఏమైంది?" అన్నాను.

"ఏం లేదు. పగటిపూట పడుకుంటే కళ్లు మండతాయి."

నేను మంచం మీద ఆయన పక్కన కూర్చున్నాను. అప్పుడు తనే అన్నాడు: "పెళ్లిళ్లకు కుట్టినా, పురుళ్లకు కుట్టినా. నన్ను పెంచిన మనిషి మాత్రం ఇప్పటికీ చాప మీదే పడుకుంటది. ఎన్నిసార్లు పరుపు కుట్టి ఇస్తానన్నా, నాకు చాపే సుఖం అంటది."

అంతే వదినె. జబ్బు లేదు, మత్తు లేదు. ఆయనకు నువ్వు గుర్తొచ్చావు.

ఆ తర్వాత నూనె రాయించుకున్నాడు. రాసినవాడు చెయ్యి పట్టగానే "నీ బొటనవేలికి బలం చాలదు, దూది ఏకినోడివైతే తెలిసేది" అని తెలుగులో చెప్పాడు. వాడు నమస్కారం పెట్టాడు. తర్వాత సముద్రంలోకి దిగాం. నేను మోకాలి లోతు వరకే. ఆయనకు ఒకతను కళ్లకు అద్దం, నోట్లో గొట్టం పెట్టి తల నీళ్లలో ముంచమన్నాడు. చేపల్ని బతికుండగా అంత దగ్గర నుంచి ఎప్పుడూ చూడలేదట. పసుపు చారలున్న చేప ఒకటి వచ్చి ఆయన వేలును ముద్దు పెట్టుకుందట. బయటికి రమ్మంటే చిన్నపిల్లాడిలా చెయ్యి విదిలించుకున్నాడు.

ఫోటో పంపుతున్నాను. ఒడ్డున మంచం మీద తెల్లగౌనులో పడుకున్నది ఆయనే. చూసి మనసు కుదుట పరుచుకో.

ఖాసింబీ

తా.క.: ఒడ్డుకు వచ్చాక కూడా గొట్టం తీయనంటున్నాడు. మాట్లాడమంటే తల అడ్డంగా ఊపుతున్నాడు.

•

సోమవారం, ఐదు గంటలు

తమ్ముడు అల్లాబక్షుకు అక్క బడేబీ దువా.

ఫోటో చూసినా. గొట్టం లేకుండా నీకు ఊపిరి ఆడట్లేదు. కళ్లకు గూడా ఏదో కట్టినారు. ఖాసింబీ చేపలని రాస్తోంది పాపం. దాన్ని తిట్టొద్దు, నా కోసం ధైర్యం తెచ్చుకుని రాస్తోంది.

ఒక్కటి విను. నీదీ నాదీ ఒకటే రక్తం. రక్తమే కాదు, ఏది కావాలన్నా నాది తీసుకోమని డాక్టరుకు చెప్పు. ముసలిదని వంకపెడితే నా దగ్గర కాగితాలు ఉన్నాయి. అన్నీ ఈ వారం తీయించినవే. గుండె బాగుంది, షుగరు లేదు అని రాసినారు. నేనే లేచి వచ్చేదాన్ని, ఈ నర్సు నన్ను వరండా దాటనీదు.

నీ పేరున కసుమూరు దర్గాలో చాదరు కప్పిస్తానని మొక్కినా. భయపడొద్దు. నీకంటే ముందు నేను పుట్టినా, నీకంటే ముందు నేనే పోవాల. వరస తప్పించబాకు.

అక్క

తా.క.: గొట్టం పచ్చరంగులో ఉందేంది? ఇక్కడైతే తెల్లది పెడతారు.

•

శ్రీలంక,
సోమవారం, ఐదున్నర

అక్కకు అల్లాబక్షు సలాము.

నాకేమీ కాలేదు. గొట్టం తీసేసి రాస్తున్నాను.

నీ ఉత్తరాన్ని ఖాసింబీ చదివి వినిపించాక, నేను ఫోను తీసుకుని నువ్వు పంపిన ఆ కాగితం ఫోటో పెద్దది చేసి చూశాను. అక్షరాలు కాదు, కాగితం పక్కన కనపడుతున్న పరుపును. ముదురు ఆకుపచ్చ రెక్సిను. మడత పడకుండా అంచుకు రెండు వరసల మిషను కుట్టు, మూలన గాలి పోవడానికి ఇత్తడి కన్ను. అలాంటి పరుపు ఇళ్లలో ఉండదక్కా. ఆసుపత్రుల వాళ్లే కుట్టించుకుంటారు. నేనూ కుట్టి ఇచ్చాను.

నువ్వు యాడున్నావు? ఆ నర్సు ఎవరు? ఆ కాగితాలు ఎందుకు తీయించినావు?

సుమయ్యకు ఫోన్ చేస్తుంటే కట్ చేస్తోంది. ఖాసింబీ సంచి సర్దుతోంది. ఏ విమానం దొరికితే దానికి బయలుదేరుతున్నాం.

నీ తమ్ముడు

తా.క.: పరుపు నచ్చకే వెళ్లిపోతున్నామేమోనని మేనేజరు గుమ్మంలో నిలబడ్డాడు. ఇంకోటి తెప్పిస్తాడట.

•

సోమవారం, ఆరు గంటలు

తమ్ముడికి,

సంచి దించమను. తడిబట్టలు మార్చుకో. సుమయ్య నా పక్కనే ఉంది, నేనే దాని ఫోన్ లాక్కున్నా. ఈ పూట విమానం లేదని అది చూసి చెప్పింది. పెద్ద ఉత్తరం రాస్తున్నా, రేపు పంపుతా. అన్నం తిను.

అక్క

తా.క.: తిన్నట్టు ఖాసింబీ చేత రాయించి పంపు. నీ మాట నమ్మను.

•

నెల్లూరు,
సోమవారం సాయంత్రం

తమ్ముడికీ ఖాసింబీకీ బడేబీ దువా.

నేను ఆసుపత్రిలో ఉన్నా. ఎడమ చంక కింద గడ్డ లేచింది. రేపు పొద్దున ఎనిమిదికి కోసి తీస్తారు.

మీ టూరు ఆఫీసు ఇచ్చింది కాదు. నేను అడిగినా. "మీ అమ్మానాయన్ని ఐదు రోజులు యాడికన్నా పంపు" అని సుమయ్యకు చెప్తే, మైపాడులో సముద్రం పక్కన గది చూస్తానంది. "మైపాడు అయితే గంటలో నా మంచం దగ్గర ఉంటాడు, బస్సు పోని చోటు చూడు" అన్నా. అందుకే మిమ్మల్ని సముద్రం దాటించింది.

ఎందుకంటావా? మీ బావకు ఆపరేషన్ జరిగిన రోజు మర్చిపోయినావా? లోపల ఆయన బాగానే ఉన్నాడు. బయట వరండాలో నువ్వు పడిపోయినావు. డాక్టర్లు, నర్సులు నీ చుట్టూ చేరినారు. నేను ఎవరి దగ్గరికి ఉరకాలో తెలీక మధ్యలో నిలబడినా. రేపు నేను లోపల పడుకుని, బయట నువ్వు ఎట్టా ఉన్నావో అని భయపడలేను.

నీ చేతికి పట్టీ కట్టినారని చదివేటప్పుడు నా చేతికి కట్టిన పట్టీ చూసుకుంటా ఉన్నా. గౌను అని చదివేటప్పుడు నేను గౌనులోనే ఉన్నా. నేను మీ దగ్గర దాస్తున్నా గదా, మీరూ నా దగ్గర దాస్తున్నారనే అనిపించింది. అది రిసార్టేనని సుమయ్య ఒట్టు పెట్టింది. నా కోసం మీతో అంత నమ్మకంగా అబద్ధం చెప్పిన పిల్ల, మీ కోసం నాతో చెప్పలేదా అనుకున్నా. చివరికి అది ఇంకో మనిషి గొట్టం పెట్టుకుని చేపల మధ్య తిరిగే వీడియో చూపిస్తే అప్పుడు నమ్మినా.

కోప్పడొద్దు. ఐదు రోజులూ ఉండి రండి. ఖాసింబీని మోకాలి లోతు దాటి రమ్మను, దాని చెయ్యి నువ్వు పట్టుకో.

అక్క బడేబీ

తా.క.: పైదంతా నిన్న రాసి, ఫోటో తీయకుండా దిండు కింద పెట్టుకున్నా. ఇప్పుడు మంగళవారం మధ్యాహ్నం. కోత అయిపోయింది. తెలివి వచ్చింది. కుడిచెయ్యి బాగుంది, చూడు, రాస్తున్నా. గడ్డను పరీక్షకు పంపినారు. మంచిదో చెడ్డదో శనివారం డాక్టరమ్మ చెప్తుందంట. మీరు శుక్రవారం దిగుతారు. కోతకు నువ్వు ఉండకూడదనుకున్నా. ఆ మాట వినేటప్పుడు మాత్రం నువ్వు నా పక్కన ఉండాల. పడిపోతే పడిపో, ఆసుపత్రిలోనే గదా ఉంటాం.